కుటుంబ స్త్రీలూ, నాటక కుటుంబాలూ

ఆ మధ్య కర్నూల్లో మా కాలేజీ ఆడపిల్లలు నాటకం వేస్తామన్నారు. అంతకు ముందు స్టేజీ ఎక్కినవాళ్ళు ఒక్కరూ లేరు. మొదటిరోజు మాటలు నేర్పుదామని బోర్డు మీద నాలుగు రాశాను: రంగం, తెర, ఆహార్యం, నేపథ్యం. రంగం ఆడే చోటు. ముందు తెర లేస్తే నాటకం మొదలు. వెనక రంగు తెరలు అడవినీ, అంతఃపురాన్నీ, వీధినీ చూపిస్తాయి. పాత్రల రాకపోకలు పక్కనున్న వింగ్స్ నుంచి. ఆహార్యం అంటే వేషం, నగలు, ముఖానికి వేసే రంగు. ఆంగికం, వాచికం, సాత్త్వికాలతో కలిపి నాలుగు అభినయాల్లో అదొకటి.

‘నేపథ్యం అంటే బ్యాక్‌గ్రౌండే కదా మేడం’ అందొక అమ్మాయి. ఇవాళ మనం అలాగే వాడుతున్నాం. పాత అర్థం వేరు. వేషం కట్టుకునే గది నేపథ్యం. ఆ వేషం కూడా నేపథ్యమే. మనిషి పాత్రగా మారే చోటన్నమాట. ఇది చెబుతుంటే నాకే ఒక ప్రశ్న వచ్చింది. తెలుగు నాటకంలో ఆ గదిలోకి ఆడవాళ్ళు ఎప్పుడు వచ్చారు?

మనం చదువుకున్న చరిత్రలో దీనికి సిద్ధంగా ఉన్న జవాబు బళ్ళారి. కర్నూలు, కడప, అనంతపురాలతో పాటు అప్పట్లో బళ్ళారి కూడా దత్తమండలాల్లోదే. 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. అక్కడ 1880లలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ పెట్టి నాటకాలు ఆడించారు. ప్లీడర్లూ ఉద్యోగస్థులూ సరదాకి, కీర్తికి వేసిన నాటకాలవి. ఆ కాలపు ఇలాంటి సభల్లో నాయిక కూడా మగవాడే. ‘ఆడవేషం’ అనే మాట పుట్టిందే అందుకు. ఆడది వేస్తే అది వట్టి వేషం, మగవాడు వేస్తే ఆడవేషం! ఆ విద్యలో ఆరితేరిన స్థానం నరసింహారావుకి 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే, కైశికీ వృత్తి మగవాళ్ళ వల్ల కాదని భరతుడు చెబితే బ్రహ్మ అప్సరసల్ని సృష్టించాడన్న కథ ఉంది. శాస్త్రం రమ్మన్న ఆడవాళ్ళని సభలు బయటే నిలబెట్టాయి.

ఈ పద్ధతిని ఎదిరించినవాడు ధర్మవరం వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880–1946). ఆడపాత్రలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టాడు. కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న స్త్రీలు ఆయన పక్కన నటించారు. ఆమె కథలు కూడా రాసింది. ఆ రోజుల్లో రంగం ఎక్కడానికి వాళ్ళకి ఎంత ధైర్యం కావలసివచ్చిందో మనకి తెలుసు. చరిత్రకారులు దీన్నే ‘కుటుంబ స్త్రీలు రంగస్థలం మీదికి రావడం’ అంటారు.

నా చిక్కంతా ఆ మాటతోనే.

ధర్మవరం వారు బళ్ళారిలో నాటకాలు ఆడిస్తున్న ఆ రోజుల్లోనే, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించారు. ఇప్పుడది చక్రాయపేట మండలంలో ఉంది. మరాఠీ మూలాలున్న ఆ కుటుంబాలు అంతకు ముందు తోలుబొమ్మలు ఆడించేవి. ధాత కరువు (1876–78) ఈ నేలని పిండేసి అప్పటికి పదేళ్ళు కూడా కాలేదు. బొమ్మలాటలో ఇంటిల్లిపాదీ పనిచేసినట్టే నాటకంలోనూ చేశారు. సురభి ప్రత్యేకతగా చరిత్ర చెప్పుకునేదే అది: ఆడపాత్రలు ఆడవాళ్ళే వేశారు. అవసరమైతే మగవేషాలూ వేశారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో (1932) లీలావతిగా నటించిన సురభి కమలాబాయి అక్కడి నుంచి వచ్చిందే.

అంటే అమ్మ, అత్త, కోడలు, కూతురు కలిసి ఆడిన నాటకాలవి. తెలుగునేల మీద అచ్చంగా కుటుంబ నాటకం అంటూ ఉంటే అది సురభే. అయినా వాళ్ళు ‘కుటుంబ స్త్రీలు’ కాలేదు! వృత్తిగా ఆడి, టిక్కెట్టు డబ్బుతో పొయ్యి వెలిగించుకునే ఆడది ఆ లెక్కలోకి రాదు. ప్లీడర్ల ఇళ్ళ వంటి చోట్ల నుంచి వస్తే సంస్కరణ, గుడారంలో నుంచి వస్తే బతుకుతెరువు. మన స్త్రీవాద చరిత్రలో కూడా మొదటిదాన్నే ఎక్కువ రాసుకున్నామేమో ఆలోచించాలి.

సురభి అనగానే అందరూ ట్రిక్కుల గురించి చెబుతారు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరివచ్చే లడ్డూలు, మబ్బుల్లోంచి దిగే నారదుడు, గాలిలో ఢీకొనే బాణాలు. అన్నీ తీగెల మీదా తాళ్ళ మీదా నడుస్తాయి. లాగే చెయ్యి కనపడకపోవడమే ఆ పనితనం. కమలాబాయి గురించి చెప్పుకునే కథ కూడా ఇలాంటి వింతే. నాటకం ఆడుతుండగా తల్లికి నొప్పులొచ్చి రంగస్థలం మీదే బిడ్డ పుట్టిందంటారు. విన్నప్పుడల్లా ‘పుట్టుకతోనే నటి’ అని మురిసిపోతాం. నెలలు నిండిన మనిషి ఆ రాత్రి ఎందుకు వేషం కట్టుకోవలసివచ్చిందని అడగం. ఆమె ఆగితే ఆట ఆగుతుంది, ఆట ఆగితే అందరి కూడూ ఆగుతుంది. ఆ తాడు లాగిన చెయ్యి ఎవరిదో చరిత్రలో కనపడదు.

ఇదంతా పిల్లలకి చెప్పిన రోజు క్లాసు అయ్యాక ఒకమ్మాయి ఆగింది. ‘మా జేజి నాటకాలాడేది మేడం. చంద్రమతి వేషం. మా నాయన ఆ మాట ఎవురికీ చెప్పొద్దంటాడు’ అంది.

మా పల్లెల్లో రైతులూ కూలీలూ హార్మోనియం మాస్టరు దగ్గర నెలల తరబడి పద్యాలు నేర్చుకుని హరిశ్చంద్రో కురుక్షేత్రమో కట్టడం మామూలే. మగవేషాలు ఊరివాళ్ళవి. చంద్రమతికీ ద్రౌపదికీ డబ్బిచ్చి బయట నుంచి ఆడమనిషిని పిలిపించేవాళ్ళు. తెల్లవార్లూ పాడి, పొద్దున్నే బస్సెక్కి ఇల్లు చేరే మనిషి. ఊరి హరిశ్చంద్రుడు ఏడాదంతా హరిశ్చంద్రుడే, గౌరవమే. ఆమెకి మాత్రం ఆ రాత్రి దాచుకోవలసిన విషయమైంది.

ఆ జేజి రిహార్సలుకి వచ్చింది. పిల్లలు తెర చాటు నుంచి బితుకుబితుకుమని వస్తుంటే, ‘అట్ల కాదమ్మీ, లోపలే మారిపోయి రావాల’ అంది. నేపథ్యానికి నేను చెప్పిన అర్థం కంటే అదే బాగుంది. కరపత్రంలో శిక్షణ అని ఆమె పేరు వేద్దామనుకున్నాం. ఆమెకి ఇష్టమే. కొడుకు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.