కొండ దిగిన దైవము: ఇంటి గూటిలో, మెడలోని రూపులో



పాణ్యము నుండి నంద్యాల మీదుగా ఆళ్లగడ్డకు పోవు రహదారి మనకందరికి పరిచితమే. ఆళ్లగడ్డ దరిజేరగానే ఉలి చప్పుడు వినవచ్చును. శిల్పశాలల ముంగిట సగము చెక్కిన వినాయకులు, ముఖము తీర్చని అమ్మవార్లు, రాతిదుమ్ముతో తెల్లబారిన ఆంజనేయస్వాములు నిలిచియుందురు. ఈ శిల్పమునకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. అచ్చట విగ్రహములు కొనువారిలో ఆలయ ధర్మకర్తలు కలరు, ఇంటి పూజగది కొరకు చిన్న ప్రతిమను వెదకు గృహస్థులును కలరు. ఆ గృహస్థులను తరచుగా పీడించు సందేహమొకటి కలదు. "మన కొండదేవుడు ఉగ్రనరసింహుడు గదా, ఆయనను ఇంటిలో నుంచుకొనవచ్చునా?" అనునదే ఆ సందేహము.

ఈ ప్రశ్నకు జోస్యులను అడుగుట కంటె, మన కొండ చరిత్రనే అడుగుట మేలు.

అహోబిలమున స్వామి తొమ్మిది రూపములతో వెలసియున్నాడు. జ్వాల, అహోబిల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన నరసింహులని వారి పేర్లు. ఎగువ అహోబిలమున గుహలోని మూర్తి ఉగ్రరూపము. తిరుమంగై ఆళ్వారు ఈ క్షేత్రమును పాడినందున ఇది నూట ఎనిమిది దివ్యదేశములలో నొకటి అయినది. ఆళ్వారుల నాటికి ఇది చేరుటకే కష్టమైన అడవి. దేవుడు కొండలో నుండెను, భక్తుడే ఆయన యొద్దకు పోవలసియుండెను.

ఇక 1398 ప్రాంతమునకు వత్తము. మేలుకోట నుండి వచ్చిన ఒక యువకుడు ఇచ్చట సన్న్యాసము స్వీకరించి ఆదివణ్ శఠకోప యతీంద్రులైనారు. వారే అహోబిల మఠమునకు మూలపురుషులు. ఊరూర తిరిగి ధర్మమును బోధించుమని స్వామి ఆజ్ఞాపించినాడనియు, వెంట ఏ మూర్తిని కొనిపోవలెనని యతి తలపోయుచుండగా మాలోల నరసింహుని ఉత్సవమూర్తియే స్వయముగా వారి చేతులలోనికి వచ్చినదనియు మఠ సంప్రదాయము చెప్పుచున్నది. 'మా' అనగా లక్ష్మి. ఆమెయందు ప్రీతిగలవాడు మాలోలుడు. తొమ్మిది రూపములలో లోకసంచారమునకు బయలుదేరినది జ్వాలా నరసింహుడు కాదు, లక్ష్మిని చేరదీసికొనిన ప్రసన్నమూర్తి. అప్పటి నుండి ఆరువందల ఏండ్లకు పైగా ఆ చిన్న మూర్తి పీఠాధిపతుల వెంట దేశము తిరుగుచునే యున్నది. విడిదిచేసిన చోటనే ఆరాధన, అదియే ఆనాటికి ఆలయము.

మన సందేహమునకు సమాధానము ఇందే కలదని నా అభిప్రాయము. స్వామి కొండ దిగునపుడు ఏ రూపముతో దిగినాడో, ఆ రూపమే గృహస్థుని గడపకు తగినది. ఉగ్రమూర్తి నిత్యనియమము తప్పని అర్చకులున్న గర్భగుడికి తగినవాడు. ఇంటిలో ఒకనాడు జ్వరము, ఒకనాడు ప్రయాణము, పురిటి మైల, చావు మైల తప్పవు. తప్పులను మన్నించు తల్లి ప్రక్కన కూర్చున్న స్వామియే ఇంటికి రావలెను. ఇందులో భయపడవలసినది లేదు. ఉగ్రరూపమును చూచి ప్రహ్లాదుడనే పసిబాలుడు భయపడలేదు గదా!

పరిమాణమును గూర్చియు పెద్దలు ఒక కొలత చెప్పిరి. ఇంటిలో అర్చించు ప్రతిమ బొటనవ్రేలి కణుపు మొదలు జానెడు వరకు ఉండవచ్చుననియు, అంతకు మించినది ఇంటికి ప్రశస్తము కాదనియు మత్స్యపురాణము చెప్పుచున్నది. ఈ కొలతలో గొప్ప లోకజ్ఞానము కలదు. జానెడు మూర్తిని ఇల్లాలు ఒక్కతెయే ఎత్తి, అభిషేకము చేసి, తుడిచి, బొట్టు పెట్టి, మరల గూటిలో నుంచగలదు. మూడడుగుల రాతి విగ్రహమునకు అట్టి సేవ ఎవరు చేయగలరు? నేడు కొందరు హాలులో అందమునకై నిలువెత్తు విగ్రహము నిలుపుచున్నారు. ఆ విగ్రహము మీద వారమునకొకసారి పనిమనిషి దుమ్ము దులుపుట తప్ప వేరు ఉపచారము లేదు. దానిని శిల్పముగా భావించి ఉంచుకొన్నచో దోషము లేదు. దేవుడని చెప్పి ఉంచుట మాత్రము బాధాకరము.

శిల్పమునకు దైవమునకు నడుమ నున్న భేదము శిల్పికి బాగుగా తెలియును. శిల్పశాస్త్రము రాతిని తట్టి చూచి ధ్వనిని బట్టి పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విభజించినది. కంచుగంట వలె మ్రోగినది దేవతామూర్తికి, తాళముల వలె మ్రోగినది అమ్మవారికి, మ్రోగనిది పీఠము క్రిందికి, పునాదులకు. చెక్కునంతసేపు శిల్పి ఆ రాతిపై కాలు మోపును, ఎక్కి కూర్చుండును. అపచారము కాదు, అది ఇంకను రాయియే. జలాధివాసము, ధాన్యాధివాసము జరిగి, బంగారు సూదితో నేత్రోన్మీలనము చేసి, ప్రాణప్రతిష్ఠ యైన పిమ్మట ఆ శిల్పియే ఎదుట సాగిలపడును. ఇంటి ప్రతిమలకు ఇంతటి క్రతువు లేదు. గృహస్థుడు ప్రతిదినము ఆవాహన చేసి, పూజానంతరము ఉద్వాసన చెప్పును. సాలగ్రామమునకు, నర్మదలో దొరకు బాణలింగమునకు ప్రతిష్ఠయే అక్కరలేదు. ప్రతిమలు ఎనిమిది విధములని భాగవతము ఏకాదశ స్కంధమున చెప్పబడినది. రాయి, కొయ్య, లోహము, మట్టి గంధాదుల పూత, చిత్తరువు, ఇసుక, మణి అని చెప్పి, మనస్సును కూడ ఆ వరుసలోనే చేర్చిరి. రాతి మూర్తి కొనలేనివాడు నిరాశపడవలసిన పనిలేదు.

పాణ్యము ప్రక్కనే యున్న కొత్తూరు సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధి కథ మరియొక విధమైనది. రైతు పొలము దున్నుచుండగా నాగలికి తగిలి సర్పాకార శిల బయటపడినదని స్థలకథ. అచ్చట శిల్పి లేడు, కొలత లేదు. మన్నే దేవుని బయటపెట్టినది. సుబ్రహ్మణ్య క్షేత్రములలో భక్తులు వెండి నాగపడగలు, వెండి కండ్లు సమర్పించుటయు మనమెరిగినదే. కన్ను బాగైనవాడు కంటి రూపును, సర్పదోషము తీరినవాడు పడగను తెచ్చి ఇచ్చును. ఇవి చిన్న రేకులే. కాని ఒక్కొక్క రేకు వెనుక ఒక్కొక్క కుటుంబపు కన్నీటి కథ కలదు.

రేకుల మాట వచ్చినది గనుక ఆభరణముల మాట చెప్పవలెను. తెలుగువారు దేవతాకృతి గల చిన్న బంగారు, వెండి బిళ్లను 'రూపు' అందురు. ఎంత చక్కని మాట! శ్రావణమాసమున వరలక్ష్మీవ్రతమునకు కొనిన రూపును కలశమునకు కట్టి పూజించి, తరువాత ఇల్లాలు మెడలో ధరించును. పూజగదిలోని దేవత ఆ విధముగా మనిషి గుండెల మీదికి వచ్చును. పూర్వము భార్య గతించిన పిమ్మట మరల వివాహమాడినచో, రెండవ భార్య ఆ గతించినామె గుర్తుగా ఒక రూపును మెడలో ధరించెడి ఆచారము కలదు. చనిపోయిన స్త్రీకి సైతము ఇంటిలో చోటు తీసివేయని మనసు అది. మంగళసూత్రములో పుట్టింటి బొట్టు, అత్తింటి బొట్టు అని రెండు బిళ్లలు. శ్రీశైల ప్రాంతమంతట కనబడు వీరశైవుల సంగతి వేరుగా చెప్పనేల? పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుని కాలమున బలపడిన ఇష్టలింగ ధారణతో వారికి శరీరమే ఆలయమైనది. ఆ లింగము అలంకారము కాదు. ప్రతిదినము అరచేత నుంచుకొని పూజించునది.

మనిషి ధరించు నగకును దేవుడు ధరించు నగకును సంబంధము కలదు. కళింగ దండయాత్రల నడుమ, 1515 ప్రాంతమున శ్రీకృష్ణదేవరాయలు అహోబిలమునకు వచ్చి కంఠమాలను, వజ్రపు పతకమును, కెంపుల కడియములను, బంగారు పళ్లెమును, వేయి వరహాలను స్వామికి సమర్పించినట్లు శాసనము చెప్పుచున్నది. రాణియు ఒక పతకము సమర్పించెను. చక్రవర్తి చేసినదియు, నేడు ఒక ఇల్లాలు అమ్మవారికి ముక్కుపుడక చేయించుటయు ఒకే జాతి కార్యములు.

అయితే నగలున్న చోటికి ఆపదయు వచ్చును. 1579 ప్రాంతమున ఇబ్రహీం కుతుబ్ షా సేనలు హండె నాయకుల తోడ్పాటుతో అహోబిల ప్రాంతము నాక్రమించినవి. కొన్ని ఏండ్లు ఆలయము కష్టకాలము చూచినది. హండె నాయకులు మనవారే యని మరువరాదు. రాజ్యకాంక్షకు కులమతములు అడ్డు రావు. ఆనాటి జీయరువారు శ్రీరంగరాయల నాశ్రయింపగా, కొండరాజు వేంకటరాజు, తిరుమలరాజు సేనలతో వచ్చి శత్రువులను తరిమి ఆలయమును ఉద్ధరించిరని 1584-85 నాటి శాసనము తెలుపుచున్నది. కొండ మీద గర్భగుడి కష్టములలో నున్నను స్వామి సేవకు మార్గమొకటి యుండెను. మఠము వెంట తిరుగు మాలోలుని పూజకు ఒక్క కొండయే ఆధారము కాదు గదా. చిన్న మూర్తి యొక్క బలము అట్టిది.

ఇక ఒక బాధ చెప్పకుండ ముగించలేను. ఇంటిలో పటము అద్దము పగిలినను, ప్రతిమకు చేయి విరిగినను, రావిచెట్టు మొదట పడవేసి వచ్చుట అలవాటైనది. ఏ ఊరి రావిచెట్టు క్రింద చూచినను దేవతల పటములు ఎండకెండి వానకు తడియుచున్నవి. నిన్నటి వరకు దీపము పెట్టిన రూపమది! మట్టి ప్రతిమను, లోహపు రేకు లేని కాగితపు పటమును ఉద్వాసన చెప్పి పారు నీటిలోనో, శుభ్రమైన చోట మట్టిలోనో కలుపవచ్చును. వెండి బంగారు రూపులను కరగించి మరల దేవతా వస్తువుగానే చేయించవచ్చును. పంచలోహ విగ్రహము విరిగినచో ఆలయ అర్చకుని అడుగుట మంచిది. కొనునపుడే ఎన్ని పూజించగలమో అన్నియే కొనవలెను. గూటిలో ముప్పది ప్రతిమలు పేర్చి, పూవులు చాలక నాలుగింటికే పెట్టుట కంటె, ఒక్క మాలోలుడు చాలును.

కనుమ నాడు అహోబిలమున పార్వేట ఉత్సవము మొదలగును. తన కల్యాణమునకు ప్రజలను పిలుచుటకై స్వామియే పల్లకీ ఎక్కి నలువది దినములకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపట్ల ముప్పదికి పైగా గ్రామములు తిరుగును. చెంచులక్ష్మిని చేపట్టినందున చెంచులు ఆయనను తమ అల్లునిగా చూచుకొందురు. పల్లకి దింపు అరుగును 'తెలుపు' అందురు. ఆ రాత్రి ఆ ఊరిలో ఎవరి ఇంటను పొయ్యి మీద ఉత్త కూడు ఉడకదు. ఆడబిడ్డలు పుట్టిండ్లకు వత్తురు. వృద్ధులు అరుగు వరకు నడువలేకున్నచో వాకిట నిలిచి, పల్లకీ మలుపు తిరుగు వైపు చూచి, మెడలోని రూపును కండ్లకద్దుకొందురు.