సముద్ర కర్బన చక్రంలో లోతునీటి జంతువులు

సముద్రంలో నిలవ ఉన్న కర్బనం సుమారు 38,000 గిగాటన్నులు. ఒక గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. గాలిలో ఉన్న కర్బనానికి ఇది 40 రెట్లకు పైమాటే. ఇందులో అత్యధిక భాగం నీటిలో కరిగిన ఖనిజ రూపంలో ఉంటుంది. పైనీటిలో తక్కువగా, లోతునీటిలో ఎక్కువగా ఉండే ఈ కర్బనపు అమరికకు ప్రధాన కారణం మాత్రం జీవులే. వెలుతురు సోకే పైపొరలో వృక్ష ప్లవకాలు కర్బనాన్ని తమ శరీరాల్లో ఇముడ్చుకుంటాయి. అందులో ఏటా 5 నుంచి 12 గిగాటన్నుల దాకా ఆ పొరను దాటి కిందికి దిగుతుందని అంచనా. ఈ ప్రవాహానికే జీవ పంపు అని పేరు. అదే లేకపోతే గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు దాదాపు 200 భాగాలు పెరిగి ఉండేదని గణిత నమూనాలు చెబుతున్నాయి. ఈ వివరణలో చాలాకాలం ప్లవకాలకూ బాక్టీరియాకూ మాత్రమే చోటు దక్కింది. జంతువులు దొరికింది తిని బతికే అతిథుల్లా మిగిలిపోయాయి. అది న్యాయమైన చిత్రం కాదు. ఎంత కర్బనం దిగడానికి సిద్ధంగా ఉందో ప్లవకాలు నిర్ణయిస్తే, అది ఎంత లోతుకు చేరుతుందో, అంటే ఎంతకాలం గాలికి దూరంగా ఉంటుందో నిర్ణయించడంలో జంతువులకు పెద్ద వాటా ఉంది. ఈ సంగతి ఆలస్యంగా తేలడానికి కారణం, కొలిచిన పనిముట్లు జంతువులను పట్టుకోలేకపోవడమే.

ఆ ఆలస్యానికి మొదటి ఉదాహరణ 1841లోనే కనిపిస్తుంది. బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫోర్బ్స్ ‘బీకన్’ నౌక మీద ఏజియన్ సముద్రానికి వెళ్లి దాని అడుగును గాలించాడు. లోతు పెరిగేకొద్దీ దొరికే జంతువులు తగ్గుతున్నాయని గమనించి, 300 బారలు, అంటే సుమారు 550 మీటర్లు దాటితే ప్రాణమే ఉండదని ఊహించాడు. పోషకాలు తక్కువగా ఉండే ఒక సముద్రపు లెక్కను ప్రపంచమంతటికీ చాచడం అతని పొరపాటు. 1868లో ‘లైట్నింగ్’, ఆ తర్వాత ‘పోర్క్యుపైన్’, చివరికి 1872–76 మధ్య భూగోళాన్ని చుట్టిన ‘చాలెంజర్’ నౌకల యాత్రలు వేల మీటర్ల లోతు నుంచి బతికున్న జంతువులను పైకి తెచ్చి ఆ ఊహను తుడిచేశాయి. దాంతో ఇంకో ప్రశ్న పుట్టింది: వెలుతురు లేనిచోట ఇవి ఏం తిని బతుకుతున్నాయి? పైనుంచి చచ్చిన ప్లవకాలు, వాటి తునకలు ఎడతెగకుండా రాలుతుంటాయన్నది జవాబు. 1950ల మొదట్లో జపాన్ హొక్కైడో విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘కురోషియో’ అనే పరిశీలన గదిలో నీటి అడుగుకు దిగి, దీపం వెలుగులో తేలుతూ దిగుతున్న తెల్లని రేణువులను చూసి 1953లో వాటిని సముద్ర హిమం అని పిలిచారు. ఆ పేరు నిలిచింది. దానితోపాటే, కర్బనం దానంతటదే రాలుతుంది, కింది జంతువులు దాన్ని అందుకుంటాయి అనే భావన కూడా నిలిచిపోయింది.

అప్పటికే దీనికి భిన్నమైన సాక్ష్యం ఒకటి యుద్ధ నౌకల దగ్గర ఉంది. 1942లో కాలిఫోర్నియాలోని శాన్ డియెగో తీరానికి ఆవల, జలాంతర్గాముల జాడ తీసే ధ్వని పరికరాలను పరీక్షిస్తున్న అమెరికన్ శాస్త్రజ్ఞులకు నడిమి లోతులో విశాలమైన ఒక పొర నుంచి ప్రతిధ్వని వచ్చింది. అది సముద్రపు నేల కాదు. అక్కడ నేల ఇంకా చాలా దిగువన ఉంది. 1945లో స్క్రిప్స్ సముద్ర విజ్ఞాన సంస్థ జీవశాస్త్రవేత్త మార్టిన్ జాన్సన్ ఆ పొర పొద్దుగూకగానే పైకి లేస్తోందని, తెల్లవారేసరికి మళ్లీ దిగిపోతోందని చూపించాడు. రోజూ సూర్యుణ్ణి బట్టి నడిచేది ప్రాణి సమూహమే అయివుండాలి. తర్వాతి దశాబ్దాల్లో జలాంతర్గామి వాహనాల నుంచి చూసినప్పుడు లాంతరు చేపలు, క్రిల్, రొయ్యలు, జెల్లీచేపల బంధువులైన, వాయుతిత్తి ఉన్న సైఫనోఫోర్లు కనిపించాయి. జీవపదార్థపు బరువు లెక్కన భూమ్మీద ఇంతకు మించిన వలస లేదు. ఇది ప్రతి రాత్రీ, దాదాపు ప్రతి సముద్రంలోనూ జరుగుతుంది. సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ వినోగ్రాదోవ్ దీనికి ఆహారం కోణం జోడించాడు. పైపొరలో తిన్న జంతువును దిగువ పొర జంతువు తింటుంది, దాన్ని ఇంకా దిగువది తింటుంది. ఈ వలసల నిచ్చెన మీదుగా ఆహారం మెట్టు మెట్టుగా లోతుకు చేరుతుంది. అతని దృష్టి ఆహారం మీదే గానీ, కర్బనం లోతుకు చేరే యంత్రాంగాన్ని కూడా అలా స్పష్టంగా గీసిపెట్టాడు.

కర్బనాన్ని లెక్కగట్టే కాలం వచ్చేసరికి ఈ నిచ్చెన పక్కకు పోయింది. 1970ల నుంచి శాస్త్రజ్ఞులు గరాటు ఆకారపు బోనులను నీటిలో వేలాడదీసి, రాలే రేణువులను పట్టి తూచడం మొదలుపెట్టారు. 1985లో శాస్త్రవేత్తలు టైలర్ వోల్క్, మార్టిన్ హాఫర్ట్ సముద్రపు కర్బన పంపుల సిద్ధాంతాన్ని క్రమబద్ధంగా రాశారు. 1987లో జాన్ మార్టిన్ బృందం ఈశాన్య పసిఫిక్‌లోని బోనుల కొలతలతో, లోతు పెరిగేకొద్దీ రాలే కర్బనం ఎలా తగ్గుతుందో ఒకే వక్రరేఖలో చూపింది. ఇప్పటికీ వాతావరణ నమూనాలు ఎన్నో దాని మీదే ఆధారపడుతున్నాయి. మంచి పనే, కానీ దాని కింద దాగిన ఒక అలవాటును గమనించాలి. ఈ బోనుల్లోకి బతికున్న కోపిపోడ్లు అనే చిన్న ప్లవక జంతువులు, రొయ్యలు ఈదుకుంటూ వచ్చి అక్కడే చచ్చిపోయేవి. అవి రాలినవి కావు గనుక, ‘ఈతగాళ్లు’ అని పేరుపెట్టి, సూక్ష్మదర్శిని కింద శ్రావణంతో ఏరి పారేసేవారు. రాలే పదార్థాన్ని కొలిచే పద్ధతికి అది సబబే. కానీ ఫలితంగా, కర్బనాన్ని కడుపులో మోసుకుపోయే జంతువు పద్దులో ఎక్కడా చేరలేదు.

ఆ మోత ఎలా సాగుతుందో ఇప్పుడు బాగానే తెలుసు. రాత్రి పైపొరలో మేసిన జంతువు పగలు 300, 500, కొన్నిసార్లు 800 మీటర్ల లోతుకు దిగి, అక్కడ శ్వాసిస్తుంది, విసర్జిస్తుంది, కొన్నిసార్లు అక్కడే ఇంకొకదానికి ఎర అవుతుంది. విసర్జన కూడా చిన్న విషయం కాదు. విడి వృక్ష ప్లవక కణం రోజుకు కొద్ది మీటర్లు కూడా దిగదు. అదే కణాలు వేలల్లో జంతువు పేగులో మేక పెంటికల్లా బిగుతుగా గుళికలై బయటపడితే రోజుకు వందల మీటర్లు దిగుతాయి. జెల్లీలాంటి సాల్ప్‌ల మల గుళికలు రోజుకు వెయ్యి మీటర్ల దాకా దిగగలవు. కాలిఫోర్నియాలోని మాంటెరే అగాధ జలాల్లో కనిపించే జెయింట్ లార్వేసియన్ సంగతి ఇంకా ఆశ్చర్యం. బొటనవేలంత, లేదా దానికి కొంచెం పెద్దదైన ఈ జంతువు తన చుట్టూ మీటరు మించిన జిగురు గూడు కట్టి, దానితో నీటిని వడకట్టి తింటుంది. గూడు పూడుకుపోగానే వదిలేసి కొత్తది కడుతుంది. వదిలిన గూడు ముడుచుకుని రోజుకు సుమారు 800 మీటర్ల వేగంతో నేలకు చేరుతుందని 2005లో బ్రూస్ రాబిసన్ బృందం చూపింది. ముట్టుకుంటే చిరిగిపోయే ఆ గూళ్లు వలకూ చిక్కవు, బోనుకూ చిక్కవు. రిమోట్ వాహనం కెమెరాతోనే వాటి లెక్క తేలింది. 2017లో లేజర్ కొలతలతో, ఈ జంతువులు గుంపుగా ఉన్నప్పుడు మాంటెరే అఖాతంలో 100 నుంచి 300 మీటర్ల లోతు మధ్య ఉన్న నీటినంతా 13 రోజుల్లోపే వడకట్టగలవని అంచనా వేశారు. ఉత్తర అట్లాంటిక్‌లో కలానస్ అనే కోపిపోడ్ చేసేది ఇంకో రకం పని. వేసవిలో కొవ్వు పోగుచేసుకుని, చలికాలం గడపడానికి 600 మీటర్ల కింద దాక్కుని, ఆ కొవ్వును అక్కడే ఖర్చు చేస్తుంది. అంత లోతున కొవ్వు కరిగి వచ్చే కర్బనం దాదాపుగా రాలే రేణువులు తెచ్చేదానికి సమానమని 2015లో ఒక అధ్యయనం అంచనా వేసింది.

దీనికి సహజంగా వచ్చే అభ్యంతరం ఒకటుంది: జంతువులు కర్బనాన్ని పూడ్చిపెట్టవు, శ్వాసతో మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తాయి, అవి నిల్వకు సాయం చేసేవా, గండి కొట్టేవా? అభ్యంతరం సరైనదే, కానీ ఎక్కడ శ్వాసించాయన్నదే అసలు సంగతి. వంద మీటర్ల లోతున వదిలిన వాయువు ఆ చలికాలపు గాలివానకే పైకి రావచ్చు. వెయ్యి మీటర్ల దిగువన వదిలింది వందల ఏళ్లకు గానీ రాదు. 2009లో చేసిన ఒక నమూనా అధ్యయనం ప్రకారం, సేంద్రియ కర్బనం విచ్ఛిన్నమయ్యే లోతు ప్రపంచమంతటా సగటున కేవలం 24 మీటర్లు పెరిగితే చాలు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షలకు 10 నుంచి 27 భాగాలు తగ్గుతుంది. వందల మీటర్లు రోజూ ఎక్కి దిగే జంతువులు అంత కొద్దిపాటి లోతు తేడాను పెంచనూగలవు, తగ్గించనూగలవు. ఈ పనిలో అవి ఎప్పుడూ సాయమే చేస్తాయని కూడా చెప్పకూడదు. ఉత్తర అట్లాంటిక్‌లో జరిపి 2014లో ప్రచురించిన పరిశీలన, నడిమి లోతులో శ్వాసించబడే కర్బనంలో అధికభాగం సూక్ష్మజీవులదేనని, జంతుప్లవకాలు వేగంగా దిగే రేణువులను నమిలి చిన్న తునకలు చేసి వాటికి వదిలేస్తాయని తేల్చింది. అంటే అదే జంతుసముదాయం ఒకవైపు కర్బనాన్ని లోతుకు మోస్తుంది, ఇంకోవైపు దారిలోనే చెదరగొడుతుంది. నియంత్రణ అనే మాట వాడదగింది సరిగ్గా ఈ రెండు పనుల వల్లే.

మరింత గట్టి అభ్యంతరం వాతావరణ శాస్త్రజ్ఞులది. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటోంది. దానికి కారణం కరగడం, నీటి ప్రసరణలే గానీ జీవ పంపు కాదు. జీవ పంపు పారిశ్రామిక యుగానికి ముందు నుంచే ఇంచుమించు స్థిరంగా నడుస్తోంది గనుక కొత్త పొగను అది అదనంగా మింగడం లేదు. ఇది ఒప్పుకోవాల్సిన మాట. తిమింగలాలో చేపలో మన పొగ భారాన్ని తీరుస్తాయని చెప్పేవారు ఈ తేడాను మరుగుపరుస్తున్నారు. అయితే స్థిరంగా ఉన్నది స్థిరంగానే ఉంటుందన్న హామీ లేదు. నీరు వేడెక్కుతోంది, ఆక్సిజన్ తగ్గుతోంది, జంతువుల లోతు మారుతోంది. జంతువులు కొత్త కర్బనం తీసుకోవడం లేదన్నది నిజమే, వాటి అలవాట్లు మారితే పాత నిల్వ కొంత గాలిలోకి తిరిగిరావచ్చన్నదీ అంతే నిజం.

ఎంత కర్బనం ఇలా కదులుతోందన్న అంకె మాత్రం ఇంకా వదులుగానే ఉంది. 2021లో గ్రేస్ సబా బృందం సముద్రపు చేపలన్నీ కలిసి పైపొర నుంచి దిగే కర్బనంలో సుమారు 16 శాతానికి, అంటే ఏటా 1.5 గిగాటన్నులకు కారణమని లెక్కగట్టింది. ఆ అంకెకు పక్కనే దాదాపు అంతే పెద్ద అనిశ్చితి ఉంది. దీనికి మూలం చేపల లెక్కలోనే ఉంది. 1980 నాటి అంచనా నడిమి లోతు చేపల బరువును వంద కోట్ల టన్నులు అంది; కానీ అది వలల ఆధారంగా వేసినది, ఆ చేపలేమో వల రావడం చూసి పక్కకు తప్పుకుంటాయి. 2010లో మొదలైన స్పెయిన్ మలాస్పినా యాత్ర ధ్వనితో కొలిచి, 2014లో ఆ బరువు అంతకు పది రెట్లు ఉండవచ్చని ప్రకటించింది. ధ్వని కొలతలోనూ పొరపాటుకు తావుంది: వాయుతిత్తి ఉన్న సైఫనోఫోర్ చేపలాగే ప్రతిధ్వనిస్తుంది.

హిందూ మహాసముద్రంలో ఈ ప్రశ్న ఇంకో రూపం తీసుకుంటుంది. అరేబియా సముద్రపు నడిమి పొరలో ఆక్సిజన్ అతి తక్కువ. అయినా లాంతరు చేపలు పగలు ఆ ఊపిరాడని నీటిలోనే దాక్కుంటాయి. ఆక్సిజన్ తక్కువైనచోట వలస జంతువులు చాలావరకు జీవక్రియను మందగింపజేస్తాయి గనుక, అక్కడ అవి వదిలే కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గుతుంది. పసిఫిక్ లెక్కను ఇక్కడ అతికిస్తే తప్పే. మన బంగాళాఖాతం మరీ వేరు. 1980ల చివర్లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, హాంబర్గ్ విశ్వవిద్యాలయం కలిసి అక్కడ వేలాడదీసిన బోనులు, పైపొరలో ఉత్పత్తి తక్కువైనా లోతుకు చేరే కర్బనం తక్కువేమీ కాదని చూపాయి. గంగ, బ్రహ్మపుత్రలతోపాటు గోదావరి, కృష్ణ తెచ్చే మట్టి రేణువులు సేంద్రియ తునకలకు బరువునిచ్చి ముంచుతున్నాయన్నది దానికి ఇచ్చిన వివరణ. ఇక్కడ జంతువుల వాటాను వేరుచేసి కొలవడం ఆ బోనులతో కాని పని.

సముద్రపు నేల మీది కథను తొందరగా చెప్పవచ్చు. కింద పడిన దానిలో అధికభాగాన్ని సముద్ర దోసకాయలు, పెళుసు నక్షత్రాలు, పురుగులు తినేస్తాయి; కొద్ది శాతమే బురదలో పూడుతుంది. బ్రిటన్, ఐర్లండ్ ఖండపు వాలు మీది అడుగు చేపలు, వలస జంతువులను తిని, ఏటా పది లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన కర్బనాన్ని లోతునే ఉంచేస్తున్నాయని 2014లో అంచనా కట్టారు. యూరోపియన్ యూనియన్ 2016లో తన జలాల్లో 800 మీటర్ల దిగువన అడుగు వల లాగడాన్ని నిషేధించింది. నడిమి లోతు చేపలను పట్టి చేపపిండి చేసే ప్రయత్నాలు మాత్రం పలు దేశాల్లో సాగుతున్నాయి. వంద కోట్ల టన్నులో వెయ్యి కోట్ల టన్నులో తేలని ఒక నిల్వ నుంచి, అది కర్బన చక్రంలో ఏం చేస్తోందో కొలవకముందే, వాణిజ్య వేటకు అనుమతి ఇవ్వడం తప్పు. ముందు కొలత, ఆ తర్వాతే అనుమతి అన్న నియమాన్ని మత్స్య శాఖలు ఇప్పుడే పాటించాలి.