ఒంగోలు ఆబోతును ఎంచిన చూపు

ఒంగోలు జాతి పశువు మేలిమిని నిర్ణయించే లక్షణాలు చదివితే ముందు వచ్చేవన్నీ కంటికి కనిపించే గుర్తులే. తెల్లని ఒళ్లు, మగదానికి తల మీదా మెడ మీదా మూపురం మీదా బూడిద నీడ, మోకాళ్ల మీద నల్లమచ్చలు, నల్లని ముట్టె, నల్లని తోకకుచ్చు, కంటి చుట్టూ నల్లని అంచు, పొట్టి మొద్దు కొమ్ములు, మడతలు మడతలుగా వేలాడే గంగడోలు. పాలెన్ని ఇస్తుంది, ఈతకూ ఈతకూ ఎన్ని నెలల ఎడం, దూడ ఎంత చురుగ్గా ఎదిగింది అన్న ప్రశ్నలు ఆ తర్వాతే. దీన్ని బట్టి మన రైతు పశువు అందాన్నే ఎంచాడనీ, జాతిని మెరుగుపరిచే శాస్త్రమంతా బయటి నుంచే వచ్చిందనీ అనుకునేవారున్నారు. ఆ మాట నేను ఒప్పుకోలేను. గుండ్లకమ్మ, మూసి, మన్నేరు ఏటి పల్లెల్లో నాలుగైదు ఆవులున్న ఇళ్లు సాగించిన ఎంపిక గట్టి పద్ధతే. లోటల్లా ఎంచినదాన్ని రాసిపెట్టుకోకపోవడంలో ఉంది.

చిన్న మందకు పుట్టుకతోనే ఒక చిక్కుంది. ఐదు ఆవులున్న రైతు తన ఇంటి ఆబోతుతోనే దాటిస్తూ పోతే కొద్ది ఏళ్లకే తండ్రికీ కూతుళ్లకీ కలిసి, వచ్చే దూడల సత్తువ తగ్గుతుంది. అదీగాక ఒక్క ఆబోతును మేపడమే ఆ ఇంటికి బరువు. పల్లె ఈ చిక్కును ఆచారంతో విప్పుకుంది. కలిగిన ఇంట పెద్దవాళ్లు పోయినప్పుడు వృషోత్సర్గం చేసి, కోడెదూడకు అచ్చువేసి దేవుడి పేరున వదిలేవారు. మిగతా చోట్ల ఈ దానానికి పనికిరాని దూడను తోలేయడమూ ఉండేది. ఒంగోలు సీమలో మాత్రం ఆ దూడను ఊరివాళ్లు కలిసి జాగ్రత్తగా ఎంచేవారని పశుజాతులపై రాసినవారు ప్రత్యేకంగా చెప్పారు. అచ్చుపడ్డ ఆబోతు ఎవరి చేలో మేసినా అదిలించేవారు కాదు. ఊరి ఆవులన్నిటికీ అదే ఆబోతు. అంటే వందల ఆవుల మంద ఇళ్లిళ్లకూ విడివడి ఉందన్న మాటే గాని, ఎంపిక దగ్గర అది ఒకే మంద. పెద్ద క్షేత్రాలున్నవారికే సాధ్యమనుకున్న పనిని చిన్నరైతులు మతాచారం నీడన చేసుకొచ్చారు.

మోకాలి మీది నల్లమచ్చకూ నాగలి లాగే బలానికీ ఏమిటి సంబంధమని అడగవచ్చు. నేరుగా ఏమీ లేదు. కాని వంశపత్రం లేని చోట రక్తం కలగలేదని చెప్పే సాక్ష్యం ఆ మచ్చే. ముట్టె రంగు మారినా, కొమ్ము పొడవు సాగినా ఎక్కడో వేరే జాతి కలిసిందని అనుమానించేవారు. మిగతా గుర్తుల్లో చాలావాటికి పనితోనే ముడి ఉంది. నల్లరేగడిలో దిగబడకుండా నడవాలంటే గట్టి గిట్టలు, సూటి కాళ్లు కావాలి. ముంగాళ్ల మధ్య ఎడం ఉంటేనే రొమ్ము విశాలం. ఇక బండలాగుడు పోటీ ఉండనే ఉంది. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ పళ్లను బట్టి వయసు తేల్చి, ఈడుకు ఈడును నిలబెట్టి, ఇచ్చిన సమయంలో బండ ఎంత దూరం కదిలిందో కొలిచే పోటీ అది. దాన్ని వట్టి వేడుక అనడం అన్యాయం.

అసలు బలహీనత వేరే చోట ఉంది. సేద్యపు ఎద్దుకు మామూలుగా విత్తులు కొట్టేవారు. పనిలో తన సత్తా చూపించే నాటికి దానికి సంతానం కలగదు. దాని తల్లి ఎవరో, తోడబుట్టిన కోడె ఏ ఊళ్లో ఉందో గుర్తుంటేనే ఆ సత్తా జాతికి దక్కుతుంది. మనిషి జ్ఞాపకం రెండు తరాల కంటే ఎక్కువ మోయలేదు. పైగా కంటి చూపు మేతనూ వంశాన్నీ విడదీయలేదు: చొప్ప పుష్కలంగా తిన్న నాసిరకం దూడ, అరకడుపుతో పెరిగిన మేలుజాతి దూడకంటే నిగనిగలాడుతుంది. ఒకే ఆబోతుకు వేర్వేరు ఇళ్లలో పుట్టిన పెయ్యలను పోల్చి చూస్తేనే ఆ తేడా తేలుతుంది. ఆ పోలికకు పద్దు కావాలి.

పద్దు ఏం చేయగలదో ఒంగోలు పశువే సముద్రం అవతల చూపించింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ జిల్లా పేరుతోనే బ్రెజిల్ చేరిన ఈ పశువు అక్కడ నెలోరి అయింది. 1938లో అక్కడివారు జాతి లక్షణాలు నిర్ణయించి వంశావళి నమోదు మొదలుపెట్టారు. 1960ల తొలినాళ్లలో తీసుకెళ్లిన ఆబోతుల్లో కరవది ఒకటి, ఒంగోలు పక్కనున్న ఆ ఊరి పేరే దానికీ ఉంది. దాని సంతతి ఎన్ని మందల్లో ఉందో బ్రెజిల్ రైతు ఈనాటికీ కాగితం తీసి చూపగలడు. ఎన్నుకున్న కళ్లు మనవి, లెక్క రాసిన చేతులు వాళ్లవి.

వేల ఎకరాల పచ్చికబయళ్లున్న దేశంతో మనకు పోలికా అనేవారికి డెన్మార్క్‌ను చూపించాలి. 1895లో వేయెన్ అనే చోట పాడిరైతులు సంఘంగా చేరి, ఇంటింటికీ తిరిగి ప్రతి ఆవు పాలనూ వెన్ననూ కొలిచి రాసే మనిషిని పెట్టుకున్నారు. వాళ్లవీ చిన్న మందలే. బ్రెజిల్ మాంసం కోసం ఎంచింది, మనం దుక్కికీ పాలకూ ఎంచామన్న అభ్యంతరం నిజమే. ఏ గుణం కావాలన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిందే. ఏ గుణాన్ని కోరినా కొలిచి రాయడం మాత్రం తప్పదు.

మన దగ్గరా కేంద్ర ప్రభుత్వపు మందల నమోదు పథకానికి ఒంగోలులో కేంద్రం ఉంది. అది రైతు ఇంటి వాకిట్లోనే ఆవును చూసి, జాతి లక్షణాలూ కనీస పాలదిగుబడీ ఉంటే నమోదు చేస్తుంది. ఇప్పుడు ట్రాక్టరు వచ్చి దుక్కి పని పోయింది, జొన్నచేలు తగ్గి చొప్ప కరువైంది, ఊరి ఆబోతు స్థానంలో వీర్యపు గొట్టం వచ్చింది. ఒక తప్పు ఎంపిక ఒకప్పుడు ఒక ఊరితో ఆగేది, ఇప్పుడు వందల ఊళ్లకు పాకుతుంది. అందుకే నాలుగు ఆవుల ఇంటికి వచ్చే పరీక్షకుడు గంగడోలునూ మూపురాన్నీ చూశాక ఆగిపోకూడదు. ఈ ఆవు తల్లి ఎన్ని ఈతలు ఈనింది, తొలిచూలు ఎన్నో ఏట, కరువు ఏడాది పాలు ఎన్నాళ్లకు మానేసింది, దీని అక్కచెల్లెళ్లు ఎవరింటికి పోయాయి అని అడగాలి. ఈ జవాబులు చాలా ఇళ్లలో పాలు పితికే ఆడవాళ్ల దగ్గరే ఉంటాయి. నమోదు కాగితంలో వాటికి గడులు ఉండాలి, అడగవలసింది కూడా వాళ్లనే.