వెనుక నుంచి ఢీకొన్న బండి: తప్పు, పరిహారం, బీమా

రోడ్డు మీద ఒక బండి ముందు వెళ్తున్న బండిని వెనుక నుంచి గుద్దితే, చుట్టూ మూగినవాళ్లు ‘వెనకవాడిదే తప్పు’ అని అక్కడికక్కడే తేల్చేస్తారు. ఈ మాట మీరూ వినే ఉంటారు. ప్రకృతి నియమంలా వినిపించే ఈ తీర్పుకు ఒక చరిత్ర ఉంది. బీమా క్లెయిముల్లో తగవంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండు కోర్టుల పద్ధతి కఠినంగా ఉండేది. నష్టపోయినవాడి తప్పు కొంచెం ఉన్నా అతనికి పరిహారం దక్కేది కాదు. 1842లో ఒక గాడిద ఈ కాఠిన్యాన్ని సడలించింది. ముందుకాళ్లకు బంధం వేసి యజమాని దానిని దారి పక్కన మేతకు వదిలాడు. వేగంగా వచ్చిన గుర్రపుబండి కింద పడి అది చచ్చిపోయింది. యజమానిది తప్పే అయినా, జాగ్రత్తగా తోలి ఉంటే బండివాడు ప్రమాదాన్ని తప్పించగలిగేవాడు కనుక నష్టం అతడే భరించాలని కోర్టు తేల్చింది. ‘ఆపగలిగినవాడు ఆపాలి’ అనే ఈ ఆలోచన ‘వెనకవాడిదే తప్పు’ అనే మాటకు దగ్గరి బంధువు. తప్పును పాళ్ల ప్రకారం పంచే చట్టం అక్కడ 1945లో వచ్చింది. అలాంటి ప్రత్యేక చట్టం లేకపోయినా మన కోర్టులూ ఆ సూత్రాన్నే పాటిస్తున్నాయి.

మన దేశంలో మొదట్లో, ప్రమాదంలో మనిషి చనిపోతే 1855 నాటి చట్టం కింద కుటుంబం సివిల్ కోర్టులో దావా వేయాల్సి వచ్చేది. కోర్టు ఫీజు కట్టి, ఏళ్లు తిరిగి గెలిచినా, బండి యజమాని దగ్గర సొమ్ము లేకపోతే డిక్రీ కాగితమే మిగిలేది. అందుకే 1939 మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. ఆ భాగం అమల్లోకి వచ్చింది మాత్రం 1946లో. క్లెయిముల ట్రిబ్యునళ్లకు 1956 సవరణ దారి తీసింది. 1973 నుంచి సాధారణ బీమా నాలుగు ప్రభుత్వ కంపెనీల చేతికి వచ్చింది. ఢీకొన్న రెండు బండ్ల బీమా కంపెనీలూ ప్రభుత్వానివే అయినా ‘తప్పు మాది కాదు’ అని ప్రజాధనంతో వకీళ్లను పెట్టి వాదించుకోవచ్చన్నమాట. ఇది నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

2017 వరకు అమల్లో ఉన్న 1989 నాటి రహదారి నియమాల్లో రెండింటిని మీరు పక్కపక్కన పెట్టి చదవాలి. ముందు బండి హఠాత్తుగా ఆగినా ఢీకొనకుండా ఉండేంత దూరం పాటించాలని ఒకటి వెనుక డ్రైవరుకు చెప్పేది. భద్రత కోసమైతే తప్ప సడన్ బ్రేకు వేయకూడదని మరొకటి ముందు డ్రైవరుకు చెప్పేది. ట్రిబ్యునల్లో వాదనంతా ఈ రెండింటి మధ్యనే.

2018లో సుప్రీంకోర్టు మొదటి నియమం వైపు మొగ్గింది. ట్రక్కుకు పది పదిహేను అడుగుల వెనుకనే వస్తున్న కారు, ట్రక్కు బ్రేకు వేయగానే ఢీకొంది. అంత తక్కువ దూరం సరిపోదని, ట్రక్కు డ్రైవరు నిర్లక్ష్యం రుజువు కాలేదని కోర్టు చెప్పింది. 2025 నాటి కోయంబత్తూరు కేసు వేరు. హైవే మీద హఠాత్తుగా ఆగిన కారును విద్యార్థి మోటారు సైకిలు వెనుక నుంచి గుద్దింది. కింద పడిన అతని కాలి మీదుగా బస్సు వెళ్లింది. కారు డ్రైవరుకు 50, బస్సు డ్రైవరుకు 30, విద్యార్థికి 20 శాతం బాధ్యతను కోర్టు పంచింది. లైసెన్సు లేకపోవడం, దూరం పాటించకపోవడం అతని వాటాలోకి వచ్చాయి. ఈ లెక్కన నష్టం పది లక్షలుగా తేలితే చేతికి వచ్చేది ఎనిమిది లక్షలే.

మరి వెనుక బండిలో ఊరికే కూర్చున్న ప్రయాణికుడి మాటేమిటి? అతని తప్పు ఏమీ లేదు కనుక అతని పరిహారంలో కోత పడదు. డ్రైవర్లిద్దరూ తప్పు చేసి ఉంటే వారిలో ఎవరి నుంచైనా మొత్తం రాబట్టుకోవచ్చని, వాటాల తగవు వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలని 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ కుటుంబం ఒక్క బండి మీదనే కేసు పెట్టి, చివరికి ఆ డ్రైవరు తప్పేమీ లేదని తేలితే, రెండో బండి బీమా కంపెనీ ఆ కేసులో ఉండదు. తీర్పు చదివేటప్పుడు ముందుగా ప్రతివాదుల జాబితా చూడండి.