పొదుపు ఖరీదు

పాలు అరలీటరు తగ్గిస్తే ఆ కోత ఎవరి గ్లాసులో పడుతుందో ఇల్లాలికి వేరే చెప్పక్కర్లేదు. ప్రభుత్వాలకు మాత్రం ఆలస్యంగా తెలుస్తుందేమో అనిపిస్తుంది నాకు, అమెరికావారి పెట్రోలు కథ చదివినప్పుడల్లా.

1973లో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. బంకుల ముందు కార్లు బారులు తీరాయి. 1974 జనవరిలో, గంటకు 55 మైళ్ల వేగం దాటకూడదన్న చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేశాడు. ఉద్దేశం చమురు ఆదా. కాని అంతకు ముందేడు 54 వేలమందిని పొట్టన పెట్టుకున్న రోడ్లు, ఆ ఏడు 45 వేలతో ఆగాయి. ప్రయాణాలు తగ్గడమూ ఒక కారణమే అనుకోండి. అయినా అడగని వరం!

పెట్రోలు మీద పన్ను బాగా పెంచితే వాడకం తగ్గేది. కాని పన్నంటే ఓటరుకు కోపం. అందుకని 1975లో భారం కంపెనీల మీద పెట్టారు. 1985 నాటికి కొత్తకార్లు సగటున గాలనుకు 27.5 మైళ్లు నడవాలన్నారు. కంపెనీలు కార్ల బరువు తగ్గించాయి. తేలిక బండి తక్కువ తాగుతుంది, నిజమే. బరువైన బండి గుద్దితే నలిగేదీ అదే!

2002లో అక్కడి జాతీయ పరిశోధనా మండలి నిపుణులు లెక్క కట్టారు. బండ్లు తేలికై, చిన్నవైనందువల్ల 1993 ఒక్క ఏడే 1,300 నుంచి 2,600 మంది అదనంగా పోయి వుంటారట. సంఘంలో ఇద్దరు ఆ లెక్క ఒప్పుకోలేదు.

పొదుపు వద్దని నేననను. పొగ కూడా ప్రాణాలు తీసేదే. కాని పన్నయితే బంకు దగ్గర కనబడుతుంది, తిట్టుకుని కడతాం. ఈ ఖరీదు, కట్టినవాళ్లకు కూడా దేనికి కట్టారో తెలియదు.