పొగ గొట్టంలో పుట్టే కరెంటు

1897లో జర్మనీలోని గోటింగెన్‌లో రసాయన శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ ఒక కొత్త దీపం తయారుచేశాడు. అందులో వెలిగేది జిర్కోనియం ఆక్సైడ్‌కు కాస్త ఇట్రియం ఆక్సైడ్ కలిపి చేసిన పింగాణీ కడ్డీ. చల్లగా ఉంటే దానిగుండా కరెంటు పారదు. బాగా వేడెక్కితేనే ఆక్సిజన్ అయాన్లు కదులుతాయి, కడ్డీ వెలుగుతుంది. టంగ్‌స్టన్ బల్బు వచ్చాక దీపం మూలపడింది. పింగాణీ మాత్రం నిలిచింది. పెట్రోలు కార్ల ఆక్సిజన్ సెన్సర్లలో ఎక్కువ వాటికి గుండెకాయ అదే.

దీన్ని కారు దాకా తెచ్చింది అమెరికా పొగ. 1970 నాటి క్లీన్ ఎయిర్ చట్టం కంపెనీల మెడ మీద కత్తి పెట్టింది. మూడు రకాల విషవాయువులనూ ఒకేసారి శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయాలంటే గాలి, పెట్రోలు బరువులో దాదాపు 14.7కు 1గా కలవాలి. ఆ లెక్క తప్పుతోందని ఇంజిన్‌కు ఎవరు చెప్పాలి? జర్మనీ కంపెనీ బాష్ ఆ పని నెర్న్‌స్ట్ పింగాణీకి అప్పగించింది. 1976లో, కాలిఫోర్నియాకు పంపే వోల్వో కార్లలో ఇది తొలిసారి అమరింది. ఆ కార్ల ముందు జాలీ మీద ‘ల్యాంబ్డా సాండ్’ అని గర్వంగా రాసుకున్నారు; ఆ గాలి-పెట్రోలు లెక్కకు గుర్తే ల్యాంబ్డా.

ఈ సెన్సర్ అసలు విశేషం, అది తనంతట తానే వోల్టేజీ పుట్టించడం. పింగాణీకి ఒకవైపు బయటి గాలి, మరోవైపు పొగ. రెండింటిలో ఆక్సిజన్ తేడా ఎంత ఉంటే ఎంత వోల్టేజీ వస్తుందో చెప్పే సూత్రాన్ని నెర్న్‌స్ట్ 1889లోనే ఇచ్చాడు. పొగలో ఆక్సిజన్ మిగిలితే 0.1 వోల్టు, పెట్రోలు ఎక్కువైతే 0.9 దగ్గర.

అందుకే ఇంట్లోని డిజిటల్ మల్టీమీటర్‌తోనే దీన్ని పరీక్షించవచ్చు. బండిని ఆరుబయట పెట్టి, ఇంజిన్ బాగా వేడెక్కాక, మీటరును డీసీ వోల్టుల మీద ఉంచి, కనెక్టర్ ఊడదీయకుండా వెనకనుంచి సిగ్నల్ వైరుకు మీటరు మొన తాకించాలి. అంకె 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగుతుంటే సెన్సర్ బతికే ఉంది. సిగ్నల్ వైరు మీద ఓముల కొలత మాత్రం పెట్టకూడదు, సెన్సర్ పాడవుతుంది. అంకె కిందే ఆగిపోతే వెంటనే కొత్తది కొనేయడం తొందరపాటు. ఒక్కసారి యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే పైకి లేచిందా, తప్పు సెన్సర్‌ది కాకపోవచ్చు. పొగ గొట్టంలో గాలి లీకైనా అంకె అలాగే పడిపోతుంది.

తొలి సెన్సర్లు పొగ వేడి తగిలేదాకా నోరు విప్పేవి కావు. 1982లో బాష్ లోపల హీటరు పెట్టింది. మరో శత్రువు పెట్రోలులోని సీసం. అది సెన్సర్‌నూ కన్వర్టర్‌నూ చంపేస్తుంది. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000లో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక బైకులకూ ఈ సెన్సర్ మామూలైపోయింది.

1990ల నుంచి వచ్చిన వైడ్‌బ్యాండ్ సెన్సర్ల తీరు వేరు. వాటిలో ఊగే వోల్టేజీ కనబడదు. బండి కంప్యూటర్‌కు తగిలించే ఓబీడీ స్కానర్‌తో ల్యాంబ్డా విలువ చదువుకోవాలి. హీటరు తీగ తెగిందో లేదో చూడ్డానికి మాత్రం మల్టీమీటర్ ఇప్పటికీ చాలు.