ఓడి వచ్చినవారికి స్వాగతము

గెలిచి వచ్చినవారికి మేళతాళములతో ఎదురేగుట లోకసహజము. ఓడి వచ్చినవారి మాట యేమి?

1954 జూలై 4న బెర్న్ నగరమున ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల తుది ఆట జరిగినది. నాలుగేండ్లుగా ఓటమి యెరుగని హంగరీ, ఎనిమిది నిమిషములలో రెండు గోల్‌లు చేసియు, పశ్చిమ జర్మనీకి 3-2 తేడాతో లోబడినది. బుడాపెస్టు ప్రజలు వీథులకెక్కిరి. జట్టు ప్రయాణించు రైలును రాజధానికి రానీయక టాటా అను చిన్న ఊరిలోనే నిలిపిరి.

పొరుగుననున్న క్రొయేషియా కథ వేరు. ఆ దేశ జనాభా సుమారు నలుబది లక్షలు. 2018 జూలై 15న మాస్కోలో ఫ్రాన్సు దానిని 4-2తో ఓడించినది. మరునాడు జాగ్రెబ్‌లో అయిదు లక్షలకు పైగా జనము గుమిగూడిరి!

ఈ భేదము ప్రజల గుణమువలన కలిగినదని మేము తలపము. హంగరీవారు అదే జర్మనీని ఆ పోటీలలోనే 8-3తో ఓడించియుండిరి గదా. గెలుపు తమ సొత్తేయని నమ్మిరి. ప్రభుత్వముపై గల కసికి ఆట ఒక సాకైనదనియు చెప్పుదురు. క్రొయేషియాకు తుది ఆట చేరుటయే అపూర్వము. అంతకు ముందరి మూడు ఆటలును అదనపు సమయము వరకు సాగినవి. ఆ అలసటను ప్రజలు కన్నులార చూచిరి.

విమానాశ్రయము విడిచిన వారి బస్సు నగరమధ్యముననున్న యెలాచిచ్ కూడలి చేరుటకు అయిదు గంటలకు పైగా పట్టినది.